నాము కాగితం

ఆరో తరగతి మధ్యలో బడి నన్ను వదిలేసింది. నేనే బడిని వదిలేశానని మా అమ్మ ఊరంతా చెప్పుకుంది గానీ, నిజానికి లెక్కల పంతులు గారూ నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం. ఆయన నన్ను కొట్టడం మానాలి, నేను ఆయన నడకను పిల్లలకు నడిచి చూపించడం మానాలి. ఇద్దరం ఒకే గదిలో ఉన్నంతకాలం ఇది సాగేది కాదని తేలింది. జీతం వచ్చేది ఆయనకు కాబట్టి ఆయన ఉండిపోయారు, నేను బయటికి వచ్చేశాను.

వచ్చి పదేళ్ళు ఆ పనీ ఈ పనీ చేసి, పెళ్ళి చేసుకుని, చివరికి గురజాల పశువుల ఆసుపత్రిలో జవానుగా కుదురుకున్నాను. ఎద్దుల కాళ్ళు కట్టడం, గేదెల తోకలు పట్టుకోవడం, సీసాలు కడగడం, డాక్టరు గారు సెలవులో ఉన్నప్పుడు "డాక్టరు గారు సెలవులో ఉన్నారు" అని చెప్పడం నా పని. అన్నిటికంటే ఎక్కువ పొద్దు పట్టేది ఆఖరి పనే.

అవి సాగరు డ్యాము కడుతున్న రోజులు. కృష్ణ నీళ్ళు రేపో మాపో వస్తాయని పల్నాడంతా నోరు తెరుచుకుని కూర్చుంది. ఆ ఏడు కాలవలో నీళ్ళూ రాలేదు, ఆకాశం నుంచి వానా రాలేదు. తెరిచిన నోళ్ళలోకి దుమ్ము మాత్రం సరిపడా పోయింది. జొన్న చేలు మోకాటి ఎత్తున ఆగిపోయి, ఎదగనూ లేక ఎండనూ లేక, సంబంధం కుదరని పెళ్ళికొడుకుల్లాగా నిలబడ్డాయి.

అప్పుడు దిగాడు నరసరావుపేట బస్సులోంచి ఒక పరిశోధన ఆయన. సన్నగా, కళ్ళజోడుతో, తనకంటే బరువైన చెక్కపెట్టెతో. దూరాన ఉన్న కాలేజీ నుంచి వచ్చాడు. నాకంటే రెండేళ్ళు పెద్దవాడేమో, కానీ చదువు నాకంటే పద్నాలుగేళ్ళు పెద్దది. ఆసుపత్రి సామాన్ల గదిలో ఆయనకు మంచం వేసి, పెట్టె మోయడానికి నన్ను వేశారు.

"ఏం చదివారు సార్?" అన్నాను, పెట్టె దించుతూ.

"జీవ రసాయన శాస్త్రం."

"అంటే?"

"ప్రాణి ఒంట్లో ఏ పదార్థం ఏ పదార్థంగా మారుతుందో చూడటం. ఒక రకంగా వంటే అనుకోవయ్యా."

వంట కోసం ఇంత పెట్టె ఎందుకా అనుకున్నాను. మా అమ్మ మూడు రాళ్ళ మీద చేస్తుంది.

ఆయన వచ్చింది నాము కోసం. వానల్లేక గిడసబారిన లేత జొన్న మేసి, పశువు నురగలు కక్కి, రొప్పి రొప్పి పడిపోతే దాన్ని మా వైపు నాము అంటారు. అది ఏమిటనే దానిమీద పల్నాడులో మనిషికో శాస్త్రం ఉంది. ఆకు మొవ్వులో ఉండే పురుగని కొందరు, మంచు తాగడానికి వచ్చిన పాము ఆకును నాకిపోతుందని కొందరు. మా పాస్టరు గారు పాపం అన్నారు. ఎవరి పాపమో చెప్పలేదు, పశువుది మాత్రం కాదన్నారు. ఇన్ని శాస్త్రాల్లోనూ అందరూ ఒప్పుకునే సూత్రం ఒక్కటే: వాన పడితే నాము పోతుంది.

పరిశోధన ఆయన చెప్పింది వేరు. లేత జొన్నలో విషం విషంలాగా ఉండదట, తీపి పదార్థంతో ముడిపడి, తాళం వేసిన పెట్టెలో ఉన్నట్టు ఉంటుందట. పశువు నమిలినప్పుడు తాళం ఊడిపోతుంది. పసి మొక్క తనను మేసేవాళ్ళ నుంచి కాపాడుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. పెరిగి గింజ పట్టాక తగ్గిపోతుంది.

"మరి ఆ విషం ఒంట్లో ఏం చేస్తుంది సార్?"

"ఊపిరి ఆడుతూనే ఉంటుంది. గాలి రక్తంలోకి వస్తుంది, కానీ రక్తంలోంచి ఒంట్లోకి దిగదు. అందుకే చచ్చిన పశువు రక్తం ఎర్రగా నిగనిగలాడుతుంటుంది."

అర్థమైంది. మాచర్ల బస్సు కిటకిటలాడుతూ వచ్చి స్టాండులో ఆగిందనుకోండి, తలుపు తెరుచుకోలేదు. లోపల అందరూ ఉన్నారు, ఊళ్ళోకి ఒక్కడూ దిగలేదు. ఇదే చెప్తే ఆయన నవ్వకుండా నోటుబుక్కులో రాసుకున్నాడు. నా మాటని కాగితం మీద పెట్టిన మొదటి చదువుకున్నవాడు ఆయనే. అంతకు ముందు రాసుకున్నది పోలీసులు.

ఇక ఆ పెట్టెలో సంగతి. గాజు గొట్టాలు, బిరడాలు, ఏవో సీసాలు, పసుపుపచ్చ మందు. తెల్ల కాగితాన్ని సన్నటి పీలికలుగా కత్తిరించి ఆ మందులో ముంచి ఆరబెట్టడం నా పని. జొన్న ఆకు తరిగి గొట్టంలో వేసి, ఇంకో సీసాలోంచి రెండు చుక్కల మందు పోసి, ఆకుకు తగలకుండా పచ్చ కాగితం వేలాడగట్టి బిరడా బిగిస్తే, విషం ఉన్న ఆకైతే కాగితం నారింజ రంగుకు తిరిగి, చివరికి ఇటికరాయి రంగు అవుతుంది.

కాగితం ఎర్రబడటం సంగతేమో గానీ నా చేతులు పచ్చబడ్డాయి. కడిగితే పోదు, రుద్దితే పోదు. ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మ అరచేతులు తిప్పి చూసి గొల్లుమంది. కామెర్లు అంది. మందు మరక అని ఎంత మొత్తుకున్నా, "కామెర్లొచ్చినోడు అట్టాగే అంటాడు" అని మూడు పొద్దులు పరగడుపున చేదు పసరు తాగించింది. కొన్నాళ్ళకు మరక దానంతట అదే పోయింది. ఆ పసరు ఎంత గొప్పదో మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. రుజువు అంటే జనానికి ఏమిటో నాకు అక్కడే తెలియాల్సింది. తెలియలేదు.

ఆయన ఒకరోజు నన్ను నరసరావుపేట పంపించాడు, ఫోటో స్టూడియో నుంచి హైపో తెమ్మని. ఫోటో కడిగేటప్పుడు బొమ్మ చెరిగిపోకుండా వేసే ఉప్పు అది. స్టూడియో ఆయన పొట్లం కడుతూ అడిగాడు.

"ఎవరిదబ్బాయ్ పెళ్ళి?"

"పెళ్ళి కాదండి. గొడ్లకి ఎక్కించడానికి."

ఆయన పొట్లం వెనక్కి లాక్కుని నన్ను ఎగాదిగా చూశాడు. "ఏంది, గురజాల్లో గొడ్లకి ఫోటోలు కూడా తీస్తున్నారా?"

"ముందు గొడ్డు నిలబడాలి గదండి, తర్వాత ఫోటో" అని చెప్పి పొట్లం పట్టుకుని బస్సెక్కాను. ఆ ఉప్పును నీళ్ళలో మరిగించి వడగట్టి సూదితో నరంలోకి ఎక్కిస్తే ఒంట్లో విషం విరిగిపోతుందట. బొమ్మను నిలబెట్టేదీ గొడ్డును నిలబెట్టేదీ ఒకటే ఉప్పని తెలిసి నేను రెండు రోజులు ఎవరు కనబడితే వాళ్ళకు చెప్పాను. ఒక్కడూ నమ్మలేదు.

ఇంతలో వాన పడింది. ఒక్క రోజే, కానీ గట్టిగా పడింది. పది రోజులు తిరిగేసరికి మా మామ ఆసుపత్రికి నడిచి వచ్చాడు.

మామ అంటే వరసకు. మా ఊరు గురజాలకూ మాచర్లకూ మధ్యన, బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి. ఊరికి పడమట, చర్చి చుట్టూ ఉన్న ఇళ్ళు మావి. అందులో మా ఇంటికి మూడో ఇల్లు మామది. ముప్పై ఏళ్ళ నుంచి ఊరి మంద కాస్తున్నాడు. మనుషుల పేర్లు మర్చిపోతాడు గానీ ఏ ఆవు ఏ ఆవుకు పుట్టిందో నాలుగు తరాలు చెప్తాడు. అలాంటివాడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తలగుడ్డ విప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"అల్లుడా, నాలుగు గొడ్లు పోయినయ్ రా."

"ఎవరియ్యి మావా?"

"ఎవరియ్యైతే ఏంది? నా చేతిలోయి."

జరిగింది ఇది. మా ఊళ్ళో అందరికంటే ఎక్కువ పొలం ఉన్న ఆసామి ఒకాయన ఉన్నాడు. ఊరికి సీమ ఎరువు మొదట తెచ్చింది తనేనని ఆయనకు మహా గొప్ప. సంచి మీద ఇంగ్లీషు అక్షరాలకు మురిసి ఖాళీ సంచిని కూడా వరండాలో వేలాడగట్టాడు. ఎండిన జొన్నను ఆయన చొప్పకు కోయించేశాడు. వాన పడగానే మోళ్ళకు పచ్చటి పిలకలు లేచాయి. ఊరి మందను చేలో తోలితే పేడ ఊరికే పడుతుంది గదా అని మామను పిలిచాడు.

"నేను తోలనన్నా. పిలక లేతగా ఉందయ్యా, ఇంకో నెల ఆగుదాం అన్నా. వాన పడ్డాక నాము యాడుంటదిరా, నీకు బద్దకం, అన్నాడు. సరేనని తోలా. కాసేపటికే ఒకటెనక ఒకటి కూలబడ్డయ్."

"మరి ఆయనేమంటున్నాడు?"

మామ తలగుడ్డ చూసుకుంటూ చెప్పాడు. "నేను మందు పెట్టానంట. తోళ్ళ కోసం."

చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం, దాని తోలు తీసుకోవడం మా ఇళ్ళ వాళ్ళ పని అని ఊరు ఎప్పుడో తేల్చింది. మేం అడిగి తీసుకున్న పని కాదు. వాళ్ళెవరూ ముట్టుకోరు గనక మాకు అంటగట్టింది. ఇప్పుడు ఆ అంటగట్టిందే సాక్ష్యం అయింది. ఆవులు పోయినవాళ్ళు తన మీదికి వస్తారని ఆసామికి తెలుసు. వాన పడ్డాక నాము ఉండదు, నాము లేకపోతే మందు, మందు పెడితే మామ. మూడు మాటల్లో తన చేను కడుక్కున్నాడు.

"ఆదివారం పొద్దున పంచాయితీ ఆఫీసు కాడ కర్పూరం వెలిగించి దాని మీద ప్రమాణం చెయ్యమన్నారు. చెయ్యకపోతే మంద ఒప్పజెప్పి ఊరొదిలి పొమ్మన్నారు."

"ఆదివారం పొద్దున ప్రార్థన గదా మావా."

"అదే అన్నా. బైబులు మీద చేస్తానన్నా. గొడ్లు మా దేవుడియ్యి, మీ పుస్తకం మీద ఒట్టు వాటికి తగలదన్నారు."

లోపలికెళ్ళి లోటాతో మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చాను. మామ అన్నాడు. "డ్యాము కాడ రాళ్ళు మోసైనా బతకొచ్చు లే. అది గాదు. మందు పెట్టినోడనే పేరుతో పోతే, నేను పెంచిన గొడ్లు గూడా నన్ను చూసి మొకం తిప్పుకున్నట్టే గదరా."

లోపలి నుంచి పరిశోధన ఆయన పరుగున వచ్చాడు. "చచ్చినవాటి రక్తం ఏ రంగులో ఉంది?"

మామ ఆయన్ని, నన్ను మార్చి మార్చి చూశాడు. "ఎర్రగా. పారాణి లాగా."

ఆయన ముఖం పెట్రోమాక్సు లైటులా వెలిగింది. మనిషికి ఊరే పోతుంటే ఈయనకు నమూనా దొరికింది. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆయన వెంటనే "ఆదివారం మనం వెళ్తున్నాం" అన్నాడు. చదువుకున్నవాడు 'మనం' అంటే సాధారణంగా నేనొక్కణ్ణే వెళ్ళాలని. ఈయన మాత్రం నిజంగానే వచ్చాడు.

ఆదివారం మేం వెళ్ళేసరికి పంచాయితీ ఆఫీసు ముందు ఊరంతా ఉంది. వరండాలో ఊరుమ్మడి రేడియో, దాని పక్కన కుర్చీలో ఆసామి, బల్ల మీద కర్పూరం. మామ వరండా కింద, ఎండలో. పరిశోధన ఆయన వరండా ఎక్కి బల్ల మీది కర్పూరాన్ని మర్యాదగా పక్కకు జరిపి గాజు గొట్టాలు పేర్చాడు. ఆసామి చేలో పిలకలు ఒక గొట్టంలో, ఎరువు వెయ్యని పక్క చేలో పిలకలు ఒకదాంట్లో, బాగా ముదిరిన జొన్నాకు ఒకదాంట్లో, గడ్డి ఒకదాంట్లో. అన్నిట్లోనూ పచ్చ కాగితాలు వేలాడదీసి ఎండ తగిలేచోట నిలబెట్టి, ఇక చూడండి అన్నాడు.

ఊరు చూసింది. కాసేపటికి ఆసామి గొట్టంలో కాగితం నారింజ రంగుకు తిరిగింది. పక్క చేనుది కూడా మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. ఇంకాసేపటికి ఆసామిది ఇటికరాయి రంగు. గడ్డిదీ ముదురాకుదీ పచ్చగానే ఉన్నాయి.

"చూశారా! మందు ఎవరూ పెట్టలేదు, చేలోనే ఉంది" అన్నాడాయన సంతోషం పట్టలేక. "ఎండకు గిడసబారిన పైరు వాన పడగానే లేత పిలక వేస్తే, అప్పుడే విషం ఎక్కువ. దానికి తోడు సీమ ఎరువు కూడా వేసి ఉంటే ఇంకా ఎక్కువ."

అక్కడ ఆపి ఉంటే సరిపోయేది. ఎరువు మాట వినగానే ఆసామి కుర్చీలోంచి లేచాడు.

"అంటే నా ఎరువు విషమంటావా?"

"ఎరువు విషం కాదండీ, పైరు దాన్ని తీసుకుని..."

"ఏమే!" అని ఆసామి ఇంటివైపు కేకేశాడు. ఎదురిల్లే. "కాస్త పసుపూ సున్నమూ పట్రా!"

వాళ్ళావిడ గిన్నెలో పసుపు నీళ్ళూ ఆకు మీద సున్నమూ తెచ్చింది. ఆసామి సున్నం తీసి పసుపు నీళ్ళలో కలిపాడు. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. దిష్టి తీసే నీళ్ళు. పల్నాడులో ప్రతి ఇంటి ఇల్లాలూ పసిబిడ్డకు వారానికోసారి చేసేదే.

"ఇదిగో! పచ్చంది ఎర్రంగా కావడానికి కాలేజీలు ఎందుకు? మా ఆడది కూడా చేస్తది!"

ఊరు ఘొల్లుమంది. పరిశోధన ఆయన ఆ మందు వేరు, ఈ పసుపు వేరు, గడ్డి గొట్టంలో ఎందుకు మారలేదో చూడండి అని చెప్తూనే ఉన్నాడు. వినేవాడు లేడు. అంత చదువూ పైసా ఖర్చు లేని గిన్నెలో మునిగిపోయింది. నాకు మా అమ్మ పసరు గుర్తొచ్చింది. మామను చూశాను. ఆయన గొట్టాలనూ చూడటం లేదు, గిన్నెనూ చూడటం లేదు. కర్పూరం చూస్తున్నాడు.

అప్పుడు నా నోరు తెరుచుకుంది. నా నోరు ఎప్పుడూ నన్ను అడిగి తెరుచుకోదు.

"అయ్యా, కాగితానికి మీమీద ఏదన్నా కక్ష ఉందేమో చెప్పలేం. ఎద్దుకు ఉండదు గదా. మీ ఎద్దుల్ని ఒకసారి ఆ చేలో తోలించండి. వాన పడ్డాక నాము లేదంటిరి, హాయిగా మేస్తయ్."

నవ్వులు ఆగిపోయాయి. ఆసామి ఎద్దులు జత ఒంగోలువి, తెల్లగా, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు. వాటిని ఊరి మందలో ఎప్పుడూ వదిలేవాడు కాదు. వాటి మేత కొట్టంలోనే.

"వాటి జోలికొస్తివా, ఊరుకోను!" అంది ఆసామి భార్య. నాతో అందో మొగుడితో అందో తెలియలేదు.

జనంలోంచి ఆవు పోయిన ఒకావిడ ముందుకు వచ్చింది. "ఏం వదినా? మా గొడ్డుకు లేని నాము మీ ఎద్దుకు యాడ నుంచి వస్తది? తోలించు అన్నా, తోలించు. ఈడు మందు పెట్టాడన్నది నిజమైతే నీ ఎద్దుకేం గాదు గదా."

ఆసామి అటు చూశాడు, ఇటు చూశాడు. ఎటు చూసినా కళ్ళే. ఎద్దును తోలకపోతే చేలో విషం ఉందని ఒప్పుకున్నట్టు. వరండాలో సంచి వేలాడగట్టుకున్న మనిషి అంతమందిలో ఒప్పుకోగలడా? "ఇప్పండ్రా వలపటి ఎద్దుని!" అన్నాడు. కాడికి కుడివైపు కట్టేది అది.

"వద్దండీ, చచ్చిపోతుంది! రుజువు ఇక్కడ ఉందిగా!" అని పరిశోధన ఆయన అడ్డం పడ్డాడు. కళ్ళజోడు ఊడి పడింది. ఎద్దు ఆయన పక్కనుంచే వెళ్ళిపోయింది.

చేను ఊరికి ఆనుకునే ఉంది. ఎద్దు గట్టు దిగి పిలకలు కొరకడం మొదలుపెట్టింది. దాని నోట్లో ఆకు తెగే చప్పుడు గట్టు మీదికి వినబడింది. నేను ఎగతాళికి అన్న మాట అది. ఆ ఎద్దు నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆసామి మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, "చూడండి, మేస్తాంది! ఎట్టా మేస్తాందో చూడండి!" అంటున్నాడు. ఒక చుట్ట కాలి సగమయ్యేంత సేపు మేసింది.

తర్వాత తల ఎత్తింది. రొప్పింది. వెనక కాళ్ళు మడత పడ్డాయి.

అందరికంటే ముందు పరుగెత్తింది మామ. ఆ ఎద్దు ఆయన మందలోది కాదు, దాని యజమాని ఆయన్ని ఊరి నుంచి వెళ్ళగొట్టడానికి కూర్చున్నవాడు. ఆయనకు అవేమీ గుర్తు రాలేదనుకుంటాను. తల నేలకు కొట్టుకోకుండా ఒళ్ళోకి తీసుకున్నాడు. "సూదేయి సామీ, సూదేయి! ఏంది చూస్తా!" అని పరిశోధన ఆయన మీద అరిచాడు. నేను పెట్టెతో పరుగెత్తి మెడకు తాడు బిగించాను. ఆయన మెడ నరం పట్టుకుని, ముందే మరిగించి తెచ్చిన నరసరావుపేట ఫోటో స్టూడియో ఉప్పంతా మెల్లగా ఎక్కించాడు.

ఊరంతా గట్టు మీద నిలబడింది. మామ దాని చెవిలో చెప్తున్నాడు. "లెగరా నాయనా. లెగు. నీకేం గాలా." ఆసామి గట్టు మీద కూలబడిపోయాడు. ఎరువు, కుర్చీ, వరండా అన్నీ ఆయన ముఖంలోంచి దిగిపోయాయి. ఎద్దు పోయేలా ఉన్నవాడి ముఖమే మిగిలింది. అప్పుడు మాత్రం నాకు ఆయనమీద జాలేసింది. ఎక్కువసేపు కాదు.

రొప్పు తగ్గింది. ఇంకా కాసేపటికి ఎద్దు ముందు కాళ్ళు కూడదీసుకుని, మామ భుజం ఆసరాగా లేచి నిలబడింది. ఆసామి కూడా లేచాడు. లేవగానే మాట వచ్చింది.

"గట్టి ఎద్దు గాబట్టి తట్టుకుంది. ఇంకోటైతే పోయేది."

ఇది ఆయన ఒప్పుకోలు. ఊరు దాన్నే ఒప్పుకోలుగా తీసుకుని ఇళ్ళకు కదిలింది. కర్పూరం ఎవరో జేబులో వేసుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఆసామి మామతో, "సరేలేరా, అయిందేదో అయింది. రేపు మంద ఇప్పుకుపో" అన్నాడు. మామ తలగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. ఒళ్ళంతా ఎద్దు నురగతో చర్చికి వెళ్ళాడు. ప్రార్థన అయిపోయింది. ఖాళీ చర్చిలో కాసేపు కూర్చుని ఇంటికి పోయాడు.

మరునాడు మంద ఇప్పలేదు. ఆ మరునాడూ ఇప్పలేదు. ఊళ్ళో గొడ్లన్నీ కట్టుగొయ్యల దగ్గర అరుస్తున్నాయి. కరువు ఏడాది, కొట్టాల్లో చొప్ప లేదు. ఆడవాళ్ళు మొగుళ్ళను తిట్టడం మొదలుపెట్టారు. మూడో రోజు ఊరి పెద్దలు నలుగురు మా పేటకు వచ్చారు. ఓట్ల కోసం తప్ప వాళ్ళు అటు రావడం నేను చూడటం అదే మొదలు. కూర్చోవడానికి మంచం వేస్తే కూర్చోలేదు, నిలబడే మాట్లాడారు. పంచెల చాపు ఇప్పిస్తామన్నారు. ఆసామి ఒక పెయ్యదూడను ఇస్తాడన్నారు.

"నాకేం వద్దయ్యా" అన్నాడు మామ. "నేను మందు పెట్టానని ఆయన ఆ వరండాలో ఊరందరి ముందు అన్నాడు. పెట్టలేదని ఆడనే, ఊరందరి ముందే, ఆయన నోటితో అనమనండి. కర్పూరం గూడా వెలిగించక్కర్లా."

"ఎద్దు పడినప్పుడే అందరికీ తెలిసిపోయింది గదరా."

"ఎద్దు చెప్పింది, కాగితం చెప్పింది. చెప్పాల్సినోడు చెప్పలా."

ఇంత చిన్న మాటకు ఇంకో రెండు రోజులు పట్టింది. ఆసామి దూడకు బదులు ఆవే ఇస్తానన్నాడు, ఇంకో ఏడు మందను ఉచితంగా తన బీడులో మేపుకోమన్నాడు. ఆస్తిలో ఏదైనా ఇవ్వగలిగాడు గానీ ఆ మాట మాత్రం ఆయన ఇంట్లో నిల్వ లేదు. చివరికి సాయంత్రం వరండాలో నిలబడి, మీసాల్లోకి ఏదో గొణిగాడు.

"వెనకోళ్ళకి ఇనపళ్ళేదయ్యా" అన్నాడు మామ.

"నువ్వు మందు పెట్టలా! ఇనపడిందా!" అని అరిచాడు ఆసామి. మామ దణ్ణం పెట్టి, నేరుగా ఆయన ఇంటి ముందునుంచే మొదలుపెట్టి గొడ్లను విప్పుకుంటూ పోయాడు.

పరిశోధన ఆయన పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ మిగిలిన పచ్చ కాగితాలూ గొట్టాలూ నాకిచ్చి, వాడటం నేర్పి, చెయ్యి కలిపాడు. చాలా నెలలకు తన రిపోర్టు ఒకటి పంపాడు. ఇంగ్లీషులో ఉంటే హైస్కూలు మాష్టారు చేత చదివించుకున్నాను. అందులో మామ 'స్థానిక పశువుల కాపరి ఒకరు', ఎద్దు 'ఎనిమిదేళ్ళ మగ పశువు ఒకటి'. నేను లేను. నా బస్సు కూడా లేదు. ఆసామి మాత్రం ఉన్నాడు: 'తన సొంత పశువును ప్రయోగానికి ఇచ్చి సహకరించిన అభ్యుదయ రైతు'. మాష్టారు చదువుతుంటే నేను నవ్విన నవ్వుకు ఆయన రెండుసార్లు చదవడం ఆపాడు. ఈ సంగతి ఆసామికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే రిపోర్టును కూడా వరండాలో వేలాడగట్టేవాడు.

మరుసటి ఏడు కోతలయ్యాక ఆసామికి మళ్ళీ మంద పేడ కావలసి వచ్చింది. గట్టు మీద నిలబడి పిలిచాడట.

"ఒరేయ్, మంద తోలు! ఈ ఏడు వానలు బాగా పడ్డయ్, ఏం లేదు!"

"కాగితం తెప్పించండయ్యా, తోలతా" అన్నాడట మామ, మందను ఆపకుండా.

పక్క చేలవాళ్ళు కూడా అదే మాట అందుకున్నారు. కాగితం చూడకుండా ఆయన చేలోకి ఎవరూ గొడ్డును వదల్లేదు. ఒక పొద్దున ఆసుపత్రి తలుపు తీసేసరికి, పసుపూ సున్నమూ కలిపి ఊరిని నవ్వించిన మనిషి, తడిగుడ్డలో చుట్టిన జొన్న పిలకలు చేత్తో పట్టుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ముందు సంవత్సరం మామ కూర్చున్న మెట్టే.

"ఆ పచ్చ కాగితం ఒకటి పెట్టి చూడరా" అన్నాడు, అటూ ఇటూ చూస్తూ.

లోపల బల్ల మీద కూర్చోబెట్టాను. ఆయన పక్కన కాలు విరిగిన మేక ఒకటి, దాని పక్కన దాని యజమానురాలు ఉన్నారు. కాగితం రంగు తిరగడానికి కొంతసేపు పడుతుంది. ఆ రోజు నేను కొంచెం ఎక్కువసేపే పట్టించాను.